పొద్దుటి బొమ్మలు

బెడోక్‌లో ఉజ్వల అద్దెకుంటున్న గది లిన్ అంకుల్ ఫ్లాట్‌లోది. ఆయన చైనా నుంచి వచ్చి స్థిరపడిన చిత్రకారుడు, డెబ్బై దాటాయి. ఆమె చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం చేస్తుంది. విడాకులయ్యాక కర్నూలు వదిలి ఈ దేశం వచ్చింది. మూడేళ్లుగా ఒకే కప్పు కింద ఉన్నా, ఇద్దరూ వారానికి పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ.

ఆయన వేసేది ఒకటే బొమ్మ. చైనాలో తమ ఇంటి రాతి పెరట్లో బట్టలారేస్తున్న భార్య. ఫోటో ఏదీ చూసేవాడు కాదు. "పొద్దుటి తెల్లటి వెలుగు గుర్తు తెచ్చుకుంటే చాలు, తనే వస్తుంది," అనేవాడు. హాల్లో గోడకు అలాంటివి ఏడున్నాయి.

ఆయన కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్‌కు తోడు ఎవరూ లేకపోతే ఉజ్వలే సెలవు పెట్టి వెళ్లింది. రెండో కన్ను కట్టు కూడా విప్పిన రోజు, ఇంటికి రాగానే ఆయన గోడ ముందు నిలబడిపోయాడు.

"వీటినెవరు మార్చారు?"

"ఏం మార్చారంకుల్?"

"నీలం! అంతా నీలం!"

"మొదట్నుంచీ ఇట్లే ఉన్నాయి కదా. మీరు కావాలనే వేస్తున్నారనుకున్నా."

"చెప్పలేదేం?"

ఆమె మళ్లీ బొమ్మల వైపు చూసింది. మసకబారిన కళ్లకు నీలం ఆనక, ఆయన ఇంకా ఇంకా పూస్తూ పోయాడని అప్పుడర్థమైంది.

శనివారం ఆమె కూరగాయలతో తిరిగొచ్చేసరికి ఆరు బొమ్మలు గీకేసి ఉన్నాయి. ఏడోదాని ముందు ఆయన కత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది పొద్దున కాదు, పొద్దుగూకే వేళ," అన్నాడు. "ఆరిన బట్టలు తీస్తూ ఆ వేళే పడిపోయిందట, మళ్లీ లేవలేదట. నేనిక్కడ ఎగ్జిబిషన్‌లో ఉన్నా. ఆ సాయంత్రాన్ని నేనెప్పుడూ వేయలేదు. నా గుడ్డికళ్లు వేశాయి."

"దీన్నుంచండి అంకుల్."

"ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. తర్వాత సన్నకుంచె తీసుకుని, మూలన సంతకం చేసి, కింద ఒక తేదీ రాశాడు. అది ఆ రోజు తేదీ కాదు, పంతొమ్మిదేళ్ల కిందటిది.

మళ్లీ కుంచె పట్టలేదు. చీకటి పడేవేళ దీపం వేయనివ్వకుండా ఆ బొమ్మకెదురుగా కూర్చుంటాడు. ఆఫీసు నుంచి వచ్చిన ఉజ్వల చెప్పులు విప్పి, ఆయన వెనక కాసేపు నిలబడుతుంది. ఆ తర్వాత ఆమె తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది.