తలుపు వేసి చెప్పిన మాట

ఓడలో అందరూ పెద్దాయన అని పిలిచే సీనియర్ వారెంట్ ఆఫీసరుకి ఒక హక్కు ఉంది. కెప్టెన్ గదిలోకి వెళ్లి, తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. బయటికొచ్చాక మాత్రం కెప్టెన్ మాటే తన మాట. పైన ఆఫీసర్లు, కింద నావికులు, మధ్యన అడకత్తెరలో పోకచెక్క. ముప్ఫై ఏళ్లలో ఆయన నేర్చుకున్న బేరం ఒక్కటే: మాట పైకి మోయాలి, పేరు కిందే వదిలెయ్యాలి.

ఆ ఉదయం, ఓడ కదలడానికి మూడు గంటల ముందు, ఇంజన్ మెకానిక్ వచ్చి నసిగాడు.

"పెద్దాయనా, నిప్పార్పే పంపు... నడిపి చూడకుండానే సంతకం పెట్టేశాను."

"ఏం రోగంరా?"

"వరసగా రెండు డ్యూటీలు. కళ్లు మూతలు పడిపోయాయి."

"సంతకానికి మాత్రం బానే తెరుచుకున్నాయే!"

దాస్తే, నడిసముద్రంలో నిప్పు పుడితే నూట నలభై ప్రాణాలు. చెబితే వీడి హోదా గోవిందా. తక్కెడ ముల్లు ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది. పాత బేరం ఇక్కడ చెల్లదు. పేరు సంతకమై, కాగితమెక్కి ముందే కెప్టెన్ బల్ల మీద కూర్చుంది. పెద్దాయన డ్యూటీ పట్టిక తీశాడు. ఒకే పేరు పక్కపక్క గళ్లలో రెండుసార్లు. రాసింది తన చెయ్యే.

గదిలో తలుపు వేసి చెప్పింది విని కెప్టెన్ మండిపడ్డాడు. "వాణ్ణి కిందికి దించాల్సిందే!"

"వాడి తప్పు సగమేనండీ. మిగతాది నాది." పట్టిక ముందు పెట్టాడు.

"రికార్డులో రాస్తే మీకూ మచ్చే. ఆర్నెల్లలో రిటైరవుతున్నారు."

"రాయండి."

"తిలాపాపం తలా పిడికెడు అంటారు, అంతేనా?"

"అంతేనండీ. పట్టిక కింద మీ సంతకమూ ఉంది. చదివే పెట్టారా?"

కెప్టెన్ పట్టికను తన వైపు తిప్పుకుని, కింద సంతకం చూసుకున్నాడు. "పంపు నడపండి," అన్నాడు చివరికి.

నాలుగు నిమిషాలకే ధార సన్నబడి, చుక్కలైపోయింది. లోపల రబ్బరు చిట్లింది. దాన్ని మార్చేసరికి ఓడ బయల్దేరడం రెండు గంటలు ఆలస్యమైంది. రికార్డులో రెండు పేర్లకు మచ్చలు పడ్డాయి. మెకానిక్ హోదా నిలిచింది. మూడో సంతకం ఊసు తలుపు దాటలేదు.

"పెద్దాయన చాదస్తం," అని డెక్ మీద నావికులు గొణిగారు.

"కెప్టెన్ గారి ఆర్డరు," అన్నాడాయన.

మెకానిక్ వెనకే వచ్చాడు. "నాకోసం మీరెందుకండీ..."

"నీ మొహం! పట్టిక నాది." కొత్త పట్టిక వాడి చేతికిచ్చాడు. "చూసి సంతకం పెట్టు."

మెకానిక్ ఒక్కో గడి మీదా వేలు పెట్టి, చివరిదాకా చదివాడు. ఆ తర్వాతే పెన్ను అడిగాడు.