నీలం మీద చెమట

ఆ తెర మీద మీరేం చూశారో ముందు చెప్పండి. ఎరుపు, పసుపు, నీలం... అంతేనా? రంగులు చూసి మురిసిపోయి ఉంటారు. తడి చూశారా?

ఆసుపత్రి మూడో అంతస్తులో రోజూ జరిగే పనే. రోగి పొట్టలోని పెద్ద రక్తనాళాన్ని స్కాన్‌లో చూసి, కంప్యూటర్లో దాని బొమ్మ కట్టి, అందులో రక్తం పారిస్తారు. నాళం గోడ మీద ఒత్తిడి పెరిగిన చోట ఎరుపు, లేనిచోట నీలం. లెక్క నడుస్తున్నంతసేపూ ఎరుపు ఉన్నచోట తెరకి చెమట పడుతుంది. అందుకే పక్కన ఓ నూలుగుడ్డ ఉంచుతారు. ఊడ్చే పిన్ని వచ్చి తుడిచిపోతుంది. కిటికీకి దుమ్ము పట్టడం లాంటిదే, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

ఓ రోజు తన స్కాన్ కాగితాల కోసం ఓ పైపుల మేస్త్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన నాళం ఉబ్బింది గానీ, కోత పెట్టాల్సినంత కాలేదు.

"ఆరు నెలలాగి రండి బాబాయ్," అంది కంప్యూటర్ ముందు కూర్చున్న లెక్కలమ్మాయి.

"ఊరందరి పైపులూ బాగుచేశాను. నా పైపుకి మేస్త్రి దొరకలేదు చూడు!" నవ్వాడాయన. చెయ్యి మాత్రం నడుం మీంచి తియ్యలేదు.

తెర తుడుస్తున్న పిన్ని గుడ్డ ఆపేసింది. "అమ్మాయ్, ఈసారి చెమట నీలం మీద పట్టింది."

"తుడిచెయ్యి పిన్నీ. అక్కడ ఒత్తిడే లేదు."

"పదకొండేళ్లుగా తుడుస్తున్నాను. నీలం మీద ఎన్నడూ పట్టలేదు. మళ్లీ చూడు."

"నీకు లెక్కలొచ్చా?"

"రావు. తడి తెలుసు."

మేస్త్రి నవ్వు ఆగింది. "తల్లీ, గోడ మందం ఎంత వేశావు?"

"అందరికీ వేసేదే. అంతటా రెండు మిల్లీమీటర్లు."

"అంతటా ఒకే మందం ఉన్న పాత పైపుని నేనింతవరకు చూడలేదు. మనకి కనపడని వైపే తుప్పు తినేస్తుంది. పగిలేదీ అక్కడే."

ఆ పిల్ల కుర్చీని తెర వైపు తిప్పుకుంది. స్కాన్‌ని ముక్క ముక్కగా తెరిచి మందం కొలిచింది. వెన్నెముక వైపు గోడ అందులో సగం మందం కూడా లేదు. లెక్క మళ్లీ నడిపింది. నీలం పసుపయింది, పసుపు ఎర్రబడింది. గుడ్డ తడిసి నీళ్లు కారాయి. ఆరు నెలల కాగితం చించేసి, సర్జన్‌కి ఫోన్ చేసింది.

సాయంత్రం ఆపరేషన్ ముగించి సర్జన్ చేతులు కడుక్కుంటూ అన్నాడు: "వెనక గోడ ఉల్లిపొరలా ఉంది. వారం ఆగేది కాదు."

మేస్త్రి బతికాడు. పిన్నికెవరూ దండ వెయ్యలేదు. గుడ్డ పిండి ఆరేసుకుని, మర్నాడు మళ్లీ వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, చదువుకున్నవారు కదా. ఆ గుడ్డ మీ చేతిలో ఉంటే ఆగేవారా, తుడిచేసి పోయేవారా?