పది గజముల గొలుసు

శరత్కాలము చివరి దినములు. ఒహాయో నదీతీరమున నున్న ఐరన్‌ఫర్డ్ పట్టణమున మేపుల్ చెట్లు తమ యెఱ్ఱని యాకులనెల్ల రాల్చికొని దిసమొలలతో నిలిచియుండఁగా ఉక్కుకొలుముల పొగగొట్టములనుండి వెడలు ధూమము నదిమీఁది మంచుతోఁ గలసి మధ్యాహ్నసూర్యుని సయితము తోమని రాగిచెంబువలె మసకవాఱఁజేయుచుండెను. ఆదివార మగుటచేఁ గర్మాగారముల కూఁతలు లేవు. ప్రార్థనామందిరములనుండి వెలువడిన జనులు భుజించియు భుజింపకయుఁ గంబళులు కప్పుకొని కొయ్యబల్లల వరుసలు గల క్రీడాస్థలమునకు గుంపులు గుంపులుగా నడచుచుండిరి. వెయ్యిన్ని తొమ్మిదివందల యిరువదినాలుగవ సంవత్సరపు ఫుట్‌బాల్ ఋతువున ఆ పట్టణమున కదియే వ్రతము.

ఫుట్‌బాల్ అనఁగా మనవా రెఱిఁగిన కాలిబంతియాట యని చదువరులు పొరపడరాదు. ఇది అమెరికా వారి యాట. ఇందుఁ గాలికంటె భుజమునకే పని యెక్కువ. రెండువైపులను మొన దేఱిన తోలుబంతిని చంక నిఱికించుకొని యొకఁడు ముందునకు దూఁకుటయు నెదిరిపక్షమువారు వానిపైఁ బడి నేల గఱపించుటయు నిందలి సారము. నాలుగు దూఁకులలోఁ బది గజములు ముందునకు జరిగినచో బంతి వారియొద్దనే నిలుచును. జరుగనిచో నెదిరివారి పాలగును. ఆ పది గజములు జరిగినవో లేదో తేల్చుటకై రెండు కోలల నడుమఁ గట్టిన యినుపగొలుసొకటి కలదు. బయలుదేఱిన చోట వెనుకకోల నాటి గొలుసు బిగలాగి ముందుకోల నిలిపి బంతిమొన దానిఁ దాఁకినదా యని చూచెదరు. అంతటి మల్లులు కలియఁబడి పోరాడిన పోరాట మెల్ల నా గొలుసుయొద్దకు వచ్చి చేతులు కట్టుకొని నిలుచును.

ఐరన్‌ఫర్డున ఆ గొలుసు పట్టువాఁడు గ్విలిమ్ ప్రాథెరో. వేల్సు దేశమునుండి బాల్యముననే తండ్రివెంట వచ్చి నలువదియేండ్లు నదీనౌకలకు లంగరుగొలుసులు చేసిన కమ్మరి. అఱువదియాఱేండ్లవాఁడు, పొట్టివాఁడు, గుబురుమీసములవాఁడు, చేతికిఁ జిక్కిన దేనినైనను త్రిప్పి చూడక విడువనివాఁడు. గడియార మాఁగినచో ముందుగాఁ దాను విప్పి మఱల బిగింపలేక ముక్కలు మూటగట్టి బాగుచేయువానియొద్దకుఁ గొనిపోవుట యతని యలవాటు. భార్య బ్రతికియున్న దినములలో నీ కుతూహలముచేతఁ దన యింట నొక్క వస్తువును సుఖపడలేదని యామె నవ్వుచుఁ జెప్పెడిది. ఈ ఋతువారంభమున జట్టువారి పాతగొలుసు త్రుప్పుపట్టి తెగిపోవఁగా నతఁడు మూఁడుదినములు కొలిమియొద్దఁ గూర్చుండి క్రొత్తగొలుసు చేసి కానుకగా నిచ్చెను. దానిని జూచినప్పుడెల్ల నతని మీసముల చాటున నవ్వు దాఁగెడిది కాదు.

జట్టున ముఖ్యధావకుఁడు డొమినిక్ వోజిక్ అనువాఁడు. వాని తలిదండ్రులు పోలండునుండి వచ్చినవారు, వానికి నిరువదియేడేండ్లు, ఆఱుదినము లుక్కుకొలిమియొద్ద నుడికి యేడవదినమున నాడువాఁడు. మునుపు నాలుగేండ్లు గ్విలిమ్ కొలిమిసాలలో సుత్తి పట్టినవాఁ డగుటచే ముసలివానిఁ దాతా యని పిలుచును. వృషస్కంధుఁడును దృఢజంఘుఁడును మితభాషియు నగు నాతఁడు తల వంచి గుంపులోఁ జొచ్చెనేని యిద్దఱు ముగ్గురు వానిఁ బట్టుకొని తామే యీడ్వఁబడుదురు. అట్టివాఁడు ఆ ఋతువున స్వస్థలమున నాడిన యాటలలో నేడుమాఱులు నాలుగవ దూఁకునఁ బదిగజముల యంచునకు వచ్చి బెత్తెడు దూరమునఁ గొఱవడెను. ఒక్కమా ఱైనచో దైవవశ మందురు. ఏడుమాఱు లైనచో లోకము నోరు మూసికొనునా? మంగలియంగడిలో వానికి బెత్తెడు డొమినిక్ అని పేరు పెట్టి, వాఁడు గడ్డము గీయించుకొన్నను బెత్తెడు మిగులునని కడుపుబ్బ నవ్విరి. ఇటుకబట్టీలవలన ధనికుఁడై జట్టునుఁ బోషించుచుండిన హాస్కెల్ దొర ఋతువు ముగియఁగానే వానిఁ దొలఁగింతునని నలుగురిలో ననెను.

డొమినిక్కునకు ఆటయే ప్రాణము. కొలిమిలో వాఁడు మూఁడువందలమందిలో నొకఁడు. మైదానమున వాఁడు వాఁడే. ఆ మాట వాఁ డెవరితోడను జెప్పినవాఁడు కాఁడు గాని గ్విలిమ్ ఎఱుఁగును. ఎఱిఁగియు నూరకుండలేక, కడపటి యడుగునఁ గాలు సడలుచున్నదని పెద్దఱికముతో వానికి నచ్చఁజెప్పెను. వాఁడు నమ్మెను. ప్రతిదినము పనికిఁ బోకమునుపు నదీసైకతమున నా కడపటి యడుగునే సాధన చేయఁదొడఁగెను. కొడుకు సగము తిని పళ్లెము తోసివేయుచున్నాఁడని వాని తల్లి వీథిలో గ్విలిమునుఁ గలసికొని కన్నీరు పెట్టుకొనెను.

కడపటి యాటకు ముందటి వారమున జట్టు నదికి దిగువనున్న ఫెయిర్‌గేట్ పట్టణమునకుఁ బోయెను. పరస్థలమున గ్విలిమునకు గొలుసుపని లేదు. ఐనను వేడుక పట్టలేక రైలెక్కి పోయి బల్లమీఁదఁ గూర్చుండెను. చిత్ర మేమన, అచ్చట డొమినిక్ నాలుగుమాఱులు కొలతకు వచ్చి నాలుగుమాఱులును అంగుళము అంగుళమున్నరతో నెగ్గెను. జట్టు గెలిచెను. తిరుగురైలులో నెల్లరును బాటలు పాడుచుండఁగా గ్విలిమ్ మాత్రము కిటికీయొద్ద మీసము నమలుచుఁ గూర్చుండెను.

అవే కాళ్లు, అవే భుజములు; బురద యచ్చటనే యెక్కువ. పరాయిచోటఁ జేరఁగలవాఁడు తన యింట నేల చేరలేఁడు? తనవారు చూచుచుండఁగా జంకునా? గుంపులోఁ దలదూర్చువానికి బల్లలమీఁదివా రగపడుదురా? నేల యేటవాలుగా నున్నదా? ఉన్నచో నటునుండి యిటు వచ్చునప్పుడైన లాభింపవలదా? ఇట్లు తర్కించుచుండఁగా నతని కింకొక సంగతి స్ఫురించెను. ఐరన్‌ఫర్డునకు వచ్చిన పరాయిజట్టులవారును బెత్తెడు బెత్తెడు కొఱవడినవారే. ఈ ఋతువుననే కోల్‌పోర్ట్ జట్టువాఁడు కడపటి నిమిషమునఁ గొఱవడుటచేతనే కదా ఆ గర్విష్ఠులను జీవితమున నొక్కమాఱు ఐరన్‌ఫర్డు గెలిచినది! ఆ దినమునఁ గొలుసు పట్టిన తన్ను సయితము జనులు భుజములపై నెత్తుకొని యూరేగించిరి. రైలు దిగునప్పటికి గ్విలిమ్ బుఱ్ఱలో నొక పురుగు దొలువసాగెను.

శనివారము మధ్యాహ్నమున మఱునాఁటి కడపటి యాటకై మైదానమున నైదేసి గజముల కొకటిగా సున్నపుగీఁతలు క్రొత్తగా గీచిరి. అంతకుముందు వానలచేత నవి యెన్నఁడును నిలువలేదు. గ్విలిమ్ ఒంటరిగాఁ బోయి యొక గీఁతమీఁద వెనుకకోల నాటి గొలుసు బిగలాగి మూఁడవ గీఁతయొద్ద ముందుకోల నిలిపెను. కోల గీఁతను దాఁటి అరయడుగు దూరమున నిలిచినది. సున్నము పోసినవాఁడు కన్ను మూసికొని పోసినాఁడని గొణిగి యింటికిఁ బోయి వడ్రంగికొలబద్ద తెచ్చి గొలుసును గొలిచెను. మొదటి కడియమునుండి కడపటి కడియమువఱకు సరిగాఁ బదిగజములు. వెండ్రుకవాసి తేడా లేదు. తన చేతిపని తప్పునా యని మీసము దువ్వికొని సున్నమువానిని దిట్టుటకై లేచెను.

లేచినవాఁడు లేచినచోటనే నిలిచిపోయెను. గొలుసు సరియే. గొలుసు కొనలను కోలలకుఁ దగిలించు పెద్దయుంగరములు రెండు కలవు, ఒక్కొక్కటి మూఁడంగుళములు. అతని కొలిమిసాలలో గొలుసుకొన నుండు నుంగరము ఓడసొమ్ము గాని గొలుసుసొమ్ము గాదు. నలువదియేండ్లుగా నుంగరములు విడిచియే పొడవు లెక్కించి యోడలవారి కప్పగించినాఁడు. ఆ చేయి ఆ వాడుకచొప్పుననే పనిచేసినది, మనస్సు నడుగలేదు. కాని క్రీడాస్థలమునఁ గోలకును గోలకును నడుమ నున్నదంతయుఁ గొలతయే. ఋతువంతయు ఐరన్‌ఫర్డువారు పదిగజములకుఁ బదిగజముల యరయడుగు పరుగెత్తినారు. గ్విలిమ్ తడినేలపైఁ జదికిలఁబడెను. తప్పు గొలుసునందు, నింద డొమినిక్ నెత్తిమీఁద, ఆ నిందకు వంతపాడి వాని కాలికి వంక పెట్టినది తాను. ఆ తలఁపున ముసలివాఁడు తన మోఁకాలిని దానే గ్రుద్దుకొనెను.

ఊరక రెండు కడియములు దీసివేసినచో రేపటికి సరిపోవును. పురుగునకుఁ గూడఁ దెలియదు. ఆ యాలోచన రాలేదని చెప్పినచో నబద్ధ మగును. వచ్చినది, కొంతసేపు నిలిచినది. కాని కడచిన యేడు కొఱఁతల మాట యేమి? గ్విలిమ్ గొలుసు భుజమున వేసికొని హాస్కెల్ దొర యింటికిఁ బోయి సర్వమును జెప్పెను. దొర మొదట నమ్మలేదు. నమ్మినపిమ్మట నగ్గిమీఁద గుగ్గిల మయ్యెను. గొలుసు సరిచేసి నోరు మూసికొమ్మనియు, ఈ మాట పొక్కినచోఁ గోల్‌పోర్టువారు తమ గెలుపునుఁ జూచి పగలఁబడి నవ్వెదరనియు, ఊరివా రా యొక్క గెలుపును దలఁచుకొని చలికాలము గడపవలసినవారనియుఁ జెప్పెను. డొమినిక్ మాట యెత్తఁగా, వాఁ డంతటివాఁ డైనచో రేపు సరియైన గొలుసుతోడ నిరూపించుకొనవచ్చును, రేపును జేరనిచో వానికి జట్టునఁ జోటు లేదు, అని తలుపు మూసికొనెను.

మఱునాఁడు ఆట మొదలగుటకుముందు ఆట తీర్పరియగు మధ్యస్థుఁడు, గ్విలిమ్ రాత్రి రెండు కడియములు దీసి సరిచేసిన గొలుసును గొలిచి చూచుకొనెను. అంతట గ్విలిమ్ వానియొద్దనున్న, మాట దూరమునకు వినిపించు తగరపు బూర నడిగి పుచ్చుకొని బల్లల యెదుటకు నడచెను. హాస్కెల్ దొర కన్ను లెఱ్ఱచేసినను జూడలేదు. వేలమంది సద్దుమణిఁగిరి.

“నా గొలుసు అరయడుగు పొడవుగా నుండెను. ఋతువంతయు నుండెను. చేసినవాఁడను నేను, పట్టినవాఁడను నేను. డొమినిక్ వోజిక్ కాలియందు లోపము లేదు. కోల్‌పోర్ట్ వానికాలియందును లేదు.”

ఇంతే చెప్పి బూరను మధ్యస్థుని చేతఁ బెట్టెను. ఒక మూల నెవఁడో నవ్వెను; ఒక మూల బూతులు వినవచ్చెను; నలువదియేండ్లు తన గొలుసులు కొన్న యోడసరంగొకఁడు ముఖము త్రిప్పికొనెను. డొమినిక్ తోలుటోపి చేతఁ బట్టుకొని నేలఁ జూచుచు నిలిచి, ముసలివానివంకఁ గన్నెత్తకయే మైదానములోనికిఁ బోయెను. క్షమించెనో శపించెనో తెలియరాలేదు. గ్విలిమ్ తన చోటికిఁ బోయి కోల పట్టుకొని నిలిచెను.

ఆట హోరాహోరిగా సాగెను. ఎదిరిజట్టు మూఁడు పాయింట్లు ముందుండెను. కాలము తీఱవచ్చినప్పుడు ఐరన్‌ఫర్డువారు బంతిని దాఁటింపవలసిన గెలుపుగీఁత చేరువకు వచ్చి నాలుగవ దూఁకునకు నిలిచిరి. బంతి నెవరి కిత్తురో మైదానమున నందఱు నెఱుఁగుదురు. డొమినిక్ తల వంచి కొండచఱియ జాఱినట్లు గుంపులోఁ జొచ్చెను. మనుష్యులమీఁద మనుష్యులు గుట్టపడిరి. మధ్యస్థుఁ డొక్కొక్కని లాగివేయఁగా నడుగున వాఁడు బంతిని కౌఁగిలించుకొని బురదలోఁ బండుకొనియుండెను. కొలత, కొలత అని జనులు కోలాహలము చేసిరి. గొలుసు వచ్చినది.

గ్విలిమ్ మోఁకరిల్లి గొలుసు బిగలాగి కోల నిలిపెను. బంతిమొనకును గోలకును నడుమ నేల కనఁబడుచున్నది. ఒక్కింత చేయి సడలించినచో నా నేల కనఁబడదు. సత్యవంతుఁడని యిప్పుడే పేరు పొందినవాని నెవఁడు శంకించును? డొమినిక్ తల్లి బల్లలమీఁద నున్నది. హాస్కెల్ దొర వెనుక నిలిచియున్నాఁడు. ముసలివాని ముంజేతి నరములు పొంగినవి. అతఁడు గొలుసును మఱింత బిగలాగెను. పిదపఁ దలయెత్తక రెండు వ్రేళ్లు పైకెత్తి చూపెను.

“కొఱఁత. రెండంగుళములు.”

ఒక్కఁడును గేకలు వేయలేదు. ఒక్కఁడును గొలుసును శంకింపలేదు. డొమినిక్ లేచి వచ్చి ముసలివాని యెదుట మోఁకాళ్లపైఁ గూర్చుండి బంతికిని గోలకును నడుమ తన వ్రేళ్లు రెండు దూర్చి చూచుకొనెను. సరిగాఁ బట్టినవి. వాని బురదముఖమున ఋతువంతయు నెవరును జూడని నవ్వొకటి మెల్లగా విచ్చెను.

“ఇన్నాళ్లును నాలో నేదో లోపమున్నదని వెదకి వెదకి చచ్చితిని, తాతా. దొరకలేదు. ఇదిగో, నేఁడు దొరకినది. ఇది నాది. రెండంగుళములే కదా, నేర్చుకొందును.”

హాస్కెల్ దొర యా మాట వినెను. గొంతు సవరించుకొని, వచ్చు ఋతువునకు ఆగస్టు మొదటివారముననే సాధనకు రావలయునని వానితోఁ బలికి వెనుదిరిగి పోయెను. బంతి యెదిరివారి పాలయ్యెను; ఆట ముగిసెను; ఐరన్‌ఫర్డ్ ఓడెను. జనులు కంబళులు దులుపుకొని లేచుచుండఁగా గ్విలిమ్ ప్రాథెరో యా రెండంగుళముల నేలను జూచుచు, కన్నీరు తుడుచుకొనుటకుఁ గోల విడువలేక, అట్లే మోఁకరిల్లియుండెను.