యాభయ్యో గోల్

ఐస్ హాకీ షెడ్డులో చెక్క గోడ వెంబడి మంచు మళ్ళీ ఎత్తు పెరిగింది. ఆర్లో టిమ్చుక్ చేత్తో తోసే చిన్న కోత యంత్రాన్ని అంచుకి ఆనించి, అంగుళం అంగుళంగా చెక్కుకుంటూ వస్తున్నాడు. ఉదయం ఏడు దాటింది. బయట సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీలు కింద. లోపల దానికంటే నయమే గాని, మనిషి ఊపిరి మాత్రం పొగలా కనిపిస్తూనే ఉంది.

పొట్టి మనిషి. మెడ లేనట్టు తల నేరుగా భుజాల మీదే కూర్చుంటుంది. ఎడమ చెవి అంచు ఎప్పుడో చలికి కొరుక్కుపోయింది. అరవై మూడేళ్ళ వయసులో కూడా మంచు మీద మామూలు రబ్బరు బూట్లతోనే నడుస్తాడు, జారడు. మేము నడిస్తే నడ్డి విరుగుతుంది. ఆ పొద్దున మాత్రం మధ్యమధ్యలో ఆగి ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. రాత్రి వంకరగా పడుకున్నానేమో అనుకున్నాడు.

మంచు మీద చన్నీళ్ళు పోస్తారనుకునేవాడికి మా కెట్‌విక్‌లో మర్యాద దొరకదు. కాగే నీళ్ళు పోయాలి. అప్పుడే పాత మంచు పైపైన కాస్త కరిగి కొత్త నీటిని తనలో కలుపుకుంటుంది. చన్నీళ్ళు పోస్తే పొరలు పొరలుగా లేచి, పిల్లల స్కేట్లు అందులో ఇరుక్కుంటాయి. ఇది ఆర్లోకి ఎవరూ నేర్పలేదు. ముప్పై ఐదేళ్ళ కిందట ఈ షెడ్డు పనిలో చేరిన మొదటి వారంలోనే పాడుచేసి, తిట్లు తిని నేర్చుకున్నాడు.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం రెండు గంటలకి స్టోన్‌లీ జట్టుతో ఆట.

ఇప్పుడంటే మా జూనియర్ లీగ్‌లో పద్నాలుగు జట్లు, బస్సుల్లో టీవీలు, స్వీడన్ నుంచి కూడా పిల్లలు. పదహారు నుంచి ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళు. మా ఊరి ఇళ్ళలోనే తిని, మా ఇళ్ళలోనే పడుకుని ఆడతారు. ఆర్లో ఇంట్లోనే పదకొండు మంది పెరిగారు. అతని భార్య లోయిస్ వండిన, ఆలుగడ్డ కూరిన పెరోగీలు తిని లావెక్కి, కోచ్ చేత చీవాట్లు తిన్న స్వీడన్ కుర్రాడు ఒకడు, ఆమె పోయినప్పుడు అక్కణ్ణుంచి ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో లీగ్ మొదలైనప్పుడు ఇవేవీ లేవు. నాలుగు ఊళ్ళు, నాలుగు రేకుల షెడ్లు, అందరికీ కలిపి ఒక్క రిఫరీ. అతనికి జలుబు చేస్తే ఆ వారం లీగ్‌కే జలుబు. పందుల్ని తోలే లారీలో గడ్డి పరుచుకుని పిల్లలు పొరుగూరికి వెళ్ళేవారు. వాసన ముందు వచ్చేది, జట్టు తర్వాత వచ్చేది. నీళ్ళని గడ్డకట్టించే యంత్రాలు లేవు. నవంబరులో షెడ్డు కిటికీలు బార్లా తెరిచి, చలిని లోపలికి పిలిచి నీళ్ళు పోసేవారు. ఫిబ్రవరిలో కాస్త ఎండ తగిలిందా, నీటి మడుగులోనే ఆట. అయినా అంత సందడి మళ్ళీ ఎక్కడిది! ఊళ్ళో తొమ్మిది వందల మంది ఉంటే తొమ్మిది వందల మందీ వచ్చేవారు. చర్చి ఫాదర్ కూడా ప్రసంగం కత్తిరించుకుని వచ్చేవాడు.

ఆ రోజుల్లో ఆర్లో మూడు శీతాకాలాలు ఆడాడు. నూట పన్నెండు ఆటలు. తోటివాళ్ళ గోల్స్ కోసం అందించిన తొమ్మిది పాస్‌లు. గోల్స్ సున్న.

పక్క తలుపు తోసుకుని వెండెల్ ఫ్రీసెన్ వచ్చాడు, రెండు చేతుల్లో రెండు కాఫీలతో. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నలభై ఐదేళ్ళుగా స్కోరు రాసేది అతనే.

“ఏరా, ఇంకా చెక్కుతున్నావా? ఇది మంచురా బాబూ, పెళ్ళికొడుకు గడ్డం కాదు.”

“నువ్వు అక్కడే ఆగు. ఆ బూట్లతో వచ్చావంటే మళ్ళీ మొదట్నుంచీ చెక్కాలి.”

వెండెల్ ఆగాడు. కాఫీ గోడ మీద పెట్టాడు. జేబు తడుముకుంటూ అక్కడే నిలబడ్డాడు. వెండెల్ ఊరికే నిలబడ్డాడంటే ఏదో కొంప మునిగినట్టే. ఆర్లో యంత్రం ఆపాడు.

“లీగ్ యాభయ్యేళ్ళ పుస్తకం వేస్తున్నారుగా. పాత లెక్కల్లో తప్పులుంటే దిద్ది పంపమన్నారు. ఇవాళే ఆఖరు రోజు” అన్నాడు వెండెల్. “నా కడుపులో నలభై మూడేళ్ళుగా ఒకటి ఉండిపోయిందిరా.”

“ఏంటది, గ్యాసా?”

“నీ గోల్.”

ఆర్లో కాఫీ అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డెబ్బై ఒకటి, సీజన్‌లో చివరి ఆట. గార్త్ ఐవర్సన్‌కి అప్పటికి నలభై తొమ్మిది గోల్స్. మా లీగ్‌లో అంతవరకూ ఎవడూ యాభై ముట్టుకోలేదు. దూరం నుంచి గార్త్ కొట్టాడు. ఆర్లో గోల్ ముందు గార్త్ వైపు వీపు పెట్టి నిలబడి, స్టోన్‌లీ వాళ్ళ చేత వీపు మీద కర్ర దెబ్బలు తింటున్నాడు. పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, వచ్చి అతని కుడి పిర్రకి తగిలి, దారి మార్చుకుని లోపలికి పోయింది. వారం రోజులు అక్కడ కంచమంత నల్లటి మచ్చ. కూర్చోవాలంటే ప్రాణం పోయేది. పెళ్ళయ్యాక లోయిస్‌కి ఒక్కదానికే చెప్పాడు. ఆమె కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, “అయితే దానికే పతకం వెయ్యాలి” అంది.

“నేను చూశాన్రా” అన్నాడు వెండెల్. “కళ్ళారా చూశాను. కానీ నేను పెన్ను తీసేలోపే జనం సంబరంతో విసిరిన టోపీలు మంచు మీద పడిపోయాయి. ఊరు ఊరంతా టోపీలు విసిరేశాక, ఇది గార్త్‌ది కాదు, వీడి పిర్రది అని ఎలా చెప్పమంటావు? ఇరవై రెండేళ్ళవాణ్ణి. భయమేసింది. రాసేశాను.”

“ఆ టోపీలు ఏరింది నేనే” అన్నాడు ఆర్లో.

“తెలుసు. అదీ చూశాను.”

వెండెల్ జేబులోంచి మడత కాగితం తీశాడు. మూడు సంతకాలు కావాలి: స్కోరు రాసినవాడిది, గోల్ వచ్చేవాడిది, గోల్ పోయేవాడిది. మూడోవాడు లేకపోతే వాడి తరఫు వాళ్ళది. గార్త్ లేడు. ఆ ఏడు ఆగస్టులోనే, పెద్ద జట్టు పిలిచిన పది రోజులకి, గోధుమ గాదెలో దిగి, గింజల్లో కూరుకుపోయి పైకి రాలేదు. ఉన్నది తల్లి సోల్వీగ్ ఒక్కతే. ఎనభై రెండేళ్ళు. ప్రతి ఆదివారం వచ్చి, కొడుకు పేరూ యాభై అంకే ఉన్న జెండా కింద కూర్చుంటుంది.

“వద్దంటే చెప్పు, ఇక్కడే చింపేస్తా” అన్నాడు వెండెల్. “కావాలంటే మాత్రం ఆవిణ్ణి నువ్వే అడగాలి. నాకు ధైర్యం లేదు.”

ఆర్లో నోట్లో నాలుక లేని మనిషి. ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగడు. ‘పోనీలేరా’ అంటాడనే వెండెల్ అనుకున్నాడు, నిజానికి ఆర్లో కూడా అదే అనబోయాడు.

“కావాలి” అన్నాడు.

తన గొంతుకి తనే ఉలిక్కిపడ్డాడు. నలభై మూడేళ్ళు అక్కర్లేదనుకున్నది ఇంత అక్కరగా లోపల ఉందని అతనికే తెలీదు.

మధ్యాహ్నానికి వంటశాల నుంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన షెడ్డంతా కమ్మింది. సోల్వీగ్ తన బూడిదరంగు దుప్పటీ, ఫ్లాస్కూ పట్టుకుని వచ్చి ఎప్పటి చోట కూర్చుంది. ఆట మొదలైంది. మొదటి విరామంలో, మంచు చెక్కి కాగే నీళ్ళు పరిచే బండి తోలాక ఆర్లో ఆవిడ వరస దాకా వెళ్ళాడు.

“చలిగా ఉందా మిసెస్ ఐవర్సన్?”

“జనవరిలో చలి కాక ఇంకేం ఉంటుంది అబ్బాయ్?”

“అంతేలెండి” అని తిరిగి వచ్చేశాడు. తనని తాను తిట్టుకున్నాడు. ఒక తల్లి దగ్గర, లేని కొడుకు గోల్ అడగటానికి నోరెలా వస్తుంది? అలాగని అడగకపోతే ఈ సున్న అచ్చులో పడి, తను పోయాక కూడా అక్కడే ఉంటుంది. రెండూ నిజమే. ఏది బరువో తేలలేదు.

రెండో విరామంలో బండి నడుపుతూ ఏం చెప్పాలో పైకే వల్లించుకున్నాడు. ఆ వల్లింపులో పడి నడిమధ్యన ఒక బారెడు పట్టీ వదిలేశాడు. చుట్టూ నీటితో మెరిసే మంచు, మధ్యలో తెల్లగా గీరుకుపోయిన గీత. షెడ్డు మొత్తం ఒక్కసారి గొల్లున నవ్వింది.

“ఆర్లో! మంగలి మధ్యలో నిద్రపోయాడా ఏంటి?” అని పైవరసలోంచి ఎవరో అరిచారు.

ఆర్లో చెవులు ఎర్రబడ్డాయి. బండి వెనక్కి తిప్పి ఆ పట్టీ సరిచేశాడు. ముప్పై ఐదేళ్ళలో అతను బండి తిప్పి రావడం మేమెవరమూ చూడలేదు.

మా వాళ్ళు నాలుగు-రెండుతో గెలిచారు. జనం ఖాళీ అయ్యారు. తుంటి నొప్పి వల్ల సోల్వీగ్ అందరూ వెళ్ళేదాకా కూర్చుంటుంది. ఆర్లో మెట్లెక్కాడు. రెండో మెట్టు దగ్గర ఆయాసం వచ్చి కమ్మీ పట్టుకున్నాడు. వెండెల్ కింద స్కోరు గదిలో, బయటికి రాకుండా, ఎప్పుడో సర్దేసిన పెన్నులు మళ్ళీ సర్దుతున్నాడు.

“మధ్యలో గీత వదిలేశావే” అంది సోల్వీగ్. “ఏమైంది నీకు?”

ఆర్లో వల్లించినదంతా మర్చిపోయాడు. కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది.

“మీకు ఇష్టం లేకపోతే...”

“నోర్ముయ్యి. చదవనీ.”

చదివింది. మళ్ళీ మొదటికి వచ్చి చదివింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఆ రాత్రే చెప్పాడు నాకు. బూట్లు కూడా విప్పలేదు. వంటింట్లో నిలబడి, ‘అమ్మా, అది నాది కాదు, ఆర్లోది’ అని ఏడ్చాడు. సోమవారం వెండెల్ దగ్గరికి వెళ్ళి మార్పించేస్తానన్నాడు. నేనే ఆపాను.”

ఆర్లో ఆవిడ పక్కన కూర్చున్నాడు.

“ఊరంతా సంబరపడుతోంది, ఊరుకోరా అన్నాను. వచ్చే ఏడు నిజంగానే కొడతావులే అన్నాను. వచ్చే ఏడు!” ఆవిడ తలెత్తి జెండా వంక చూసింది. “ఆ తర్వాత వాడికి మిగిలింది అదొక్కటేగా అనిపించేది. ఎలా చెప్పను? ఆట చూడ్డానికే ప్రతి ఆదివారం వస్తున్నానని అనుకుంటున్నావా? నువ్వెప్పుడో ఒకరోజు వచ్చి అడుగుతావని కూర్చున్నాను. ఎంతకీ అడగవే! ఏం మనిషివయ్యా నువ్వు!”

ఆర్లోకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

“గోల్ నాదైతే పాస్ వాడిది అవుతుంది” అన్నాడు ముఖం తుడుచుకుని. “కొట్టింది వాడేగా. ఆ వరసలో వాడి పేరు పోదు మిసెస్ ఐవర్సన్. నా పేరు పక్కనే ఉంటుంది.”

“పక్కనేనా?”

“పక్కనే. ఒకే గీత మీద.”

“అయితే వాడికి తోడున్నట్టే” అంది సోల్వీగ్. పెన్ను అడిగింది. కాగితం బల్ల మీద పరిచి సంతకం చేసింది. కింద ‘గార్త్ తల్లిని’ అని కూడా రాసింది. ఎవరూ అడగలేదు.

వెండెల్ అప్పుడు బయటికొచ్చాడు. తన సంతకం, ఆర్లో సంతకం అయ్యాయి. అది మూడు పొరల కాగితం: తెల్లది లీగ్‌కి, పసుపుది స్కోరు రాసినవాడికి, గులాబీది ఆటగాడికి. గులాబీది చింపి ఆర్లోకి ఇస్తూ, “తెల్లది ఇప్పుడే లీగ్ కార్యదర్శి ఇంట్లో పడేసి వస్తా. రేపు గీపు అంటే నాకు నిద్ర పట్టదు” అన్నాడు.

“ముందు ఈవిణ్ణి దింపు.”

“నా దగ్గర సూపు ఉంది, వెండెల్‌ని తాగి పొమ్మంటాను. నువ్వు కూడా రా” అంది సోల్వీగ్.

“మంచు సాపు చేసి వస్తాను. పొద్దున బడిపిల్లలొస్తారు.”

వాళ్ళు వెళ్ళాక ఆర్లో చివరిసారి బండి తోలాడు. ఎక్కడా గీత వదల్లేదు. కాగే నీటి ఆవిరి లేచి, దీపాల కింద నెమ్మదిగా సర్దుకుంది. బండి లోపల పెట్టి, ఆటగాళ్ళ బెంచీ మీద కూర్చున్నాడు. నీరు గట్టిపడటానికి పది నిమిషాలు. రోజూ గోడకి ఆనుకుని నిలబడే చూస్తాడు. ఆ బెంచీ మీద డెబ్బై ఒకటి తర్వాత కూర్చోలేదు.

ఐదున్నరకి వెండెల్ ఫోన్ చేస్తే ఆర్లో ఎత్తలేదు. సూపు చల్లారిపోతోందని సోల్వీగ్ పోరితే వెండెల్ తిరిగి వచ్చాడు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. యంత్రాల గదిలో చప్పుడు ఎప్పటిలాగే ఉంది. మంచు ఎప్పుడో గట్టిపడి, అద్దంలా ఉంది. ఆర్లో గోడకి తల ఆనించి, మంచు వంక చూస్తున్నట్టే ఉన్నాడు. నోటి దగ్గర ఊపిరి పొగ మాత్రం లేదు. వెండెల్ రెండుసార్లు పిలిచాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు, చాలాసేపు.

ఇద్దరి మధ్యా బెంచీ మీద గులాబీరంగు కాగితం ఉంది. పంకా గాలికి ఎగిరిపోకుండా ఆర్లో దాని మీద తీసి పెట్టుకున్న చేతి తొడుగు, వేళ్ళ దగ్గర ఇంకా తడిగానే ఉంది.