పంచింది రాజు, మాట పడింది రాణి

నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే మా అత్తగారు రెమేయ్ గుమ్మంలో నిలబడి, "కాలరు సరిగ్గా చూడు. ఇవాళ జిరోనా ఊరంతా వాణ్ణే చూస్తుంది," అంది. ఇవాళ సాంత్ జోర్డి పండుగ. ఈ కతలాన్ సీమలో ఆ రోజు మగవాడికి పుస్తకం, ఆడదానికి గులాబీ ఇస్తారు. నా భర్త గిఫ్రే పొద్దున్నే నా చేతిలో గులాబీ పెట్టి, సాయంత్రం సభ కోసం తన కొత్త పుస్తకం ప్రతులు సంచిలో సర్దమన్నాడు.

ఆ పుస్తకం కతలాన్ సాహిత్యంలో కనబడే హంగరీవాళ్ళ గురించి. ముఖ్యంగా ఎనిమిది వందల ఏళ్ళ కిందట హంగరీ నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన వియొలాంత్ రాణి గురించి. నేనూ అక్కడి నుంచి వచ్చినదాన్నే. పాత పద్యాలూ నాటకాలూ తవ్వి తీసింది నేను. హంగరీ కాగితాలన్నీ కతలాన్‌లోకి మార్చింది నేను. రాజ్యాన్ని కొడుకులకు పంచింది రాణి భర్త జౌమె రాజు, ముద్ర వేసింది ఆయన చెయ్యి. అయినా చాలామంది రాతల్లో ఆయన పాపం మెత్తనివాడు, ఆవిడేమో కొంప కూల్చిన పరాయిది. ఈ సంగతి మీదే నడుస్తుంది మూడో అధ్యాయం. అందులో ప్రతి అక్షరం నాది.

అట్ట మీద పేరు మాత్రం గిఫ్రేది. చివరి పేజీలో, "ఓపికకూ, వేడి సూపుకూ నా భార్యకు కృతజ్ఞతలు." సూపుకట. నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగితే, "మనలో మనకి నీదీ నాదీ ఏమిటే," అని నవ్వాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు మటుకు నీదీ నాదీ బాగానే గుర్తొచ్చింది. ఈ సీమలో ఇల్లూ పొలమూ పెద్దకొడుక్కే పోతాయి. చిన్నవాడైన గిఫ్రే తన వాటా కోసం అన్నతో కోర్టుకెక్కాడు. వద్దని బతిమాలింది నేను. అత్తగారు ఈనాటికీ ఇరుగుపొరుగుతో, "ఆ హంగరీది అడుగుపెట్టింది, నా కొడుకులు విడిపోయారు," అంటుంది. అతను పక్కనే కూర్చుని రొట్టె మీద టమాటా రుద్దుకుంటూ వింటాడు. కాదమ్మా అని ఒక్కనాడూ అనలేదు.

సాయంత్రం గ్రంథాలయంలో సభ జరిగింది. ఎప్పటిలాగే నేను ముందు వరసలో కూర్చున్నాను. అతనికి జవాబు తెలియకపోతే చీటీ రాసి అందించడం నా పని. ఒక రిటైరైన టీచరమ్మ లేచి, "మూడో అధ్యాయం చదివి నాకు నిద్ర పట్టలేదు ప్రొఫెసర్ గారూ. ఈ ఆలోచన మీకెలా తట్టింది?" అని అడిగింది.

"ఏళ్ళ తరబడి చదివితే తడుతుందండీ," అన్నాడు గిఫ్రే. అంటూనే చీటీ కోసం నా వైపు చెయ్యి చాపాడు.

నేను లేచి నిలబడ్డాను. "అది తట్టింది నాకండీ. మా అత్తగారి వంటింట్లో తట్టింది. ఆ అధ్యాయం రాసింది నేను."

గిఫ్రే చాపిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఎతెల్కా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంట్లో పదకొండేళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నాను. నువ్వు కాస్త పక్కకి జరుగు గిఫ్రే, ఆవిడ నన్నడుగుతోంది."