తిరగేసిన వైర్లు

నేను బట్టలు జాడిస్తుండగా జీపు మళ్ళీ ఆవిరి కక్కింది. అన్నయ్య ఇంజను ఆపి బానెట్ ఎత్తాడు.

"చూశావా? వాకిట్లో నిలబెడితేనే ఉడికిపోతోంది. ఇక కొండేం ఎక్కుతుంది?"

మాటామాటా పెరిగి, వదిన కొండమీది పుట్టింటికి వెళ్ళి నాలుగు నెలలైంది. అది బస్సు వెళ్ళని ఊరు. పాత జీపుకి ఇంజను చల్లబరిచే కరెంటు ఫ్యాన్లు బిగించగానే వెళ్ళి తీసుకొస్తానన్నాడు అన్నయ్య. బిగించి పదిహేను రోజులైంది. మా ఇద్దరికీ వంటిల్లు ఒకటే, తినే వేళలే వేరు.

పొద్దున వదిన ఫోన్ చేసి నవ్వింది. "ఆడలేక మద్దెలోడన్నట్టుంది మీ అన్నయ్య సంగతి. రేపటిదాకా చూస్తానని చెప్పు. ఆ తర్వాత ఇక్కడే బళ్ళో ఉద్యోగంలో చేరిపోతా."

అన్నయ్య స్నానానికి వెళ్ళాడు. తన మెకానిక్ షెడ్డులో ఎవరి బండికి ఫ్యాన్లు బిగించినా రేడియేటర్ ముందు జాలీకి కాగితం ఆనించి చూడటం తన అలవాటు. గాలి లోపలికి లాగితే కాగితం అతుక్కుంటుంది. వైర్లు తారుమారైతే గాలి బయటికి తన్ని కాగితం ఎగిరిపోతుంది. నాకు నేర్పింది కూడా తనే.

ఇంజను ఇంకా వేడిగానే ఉంది. తాళం తిప్పగానే ఫ్యాన్లు తిరిగాయి. ఒక ఫ్యాను ముందు కాగితం పెట్టాను. ఎగిరొచ్చి నా మొహాన కొట్టింది. రెండోదాని ముందూ అంతే. ఒకటైతే పొరపాటనుకునేదాన్ని. నిద్రలో లేపినా వైర్లు కలుపుతానని గొప్పలు పోయే మనిషి.

వైర్లు ఊడదీసి మార్చి పెట్టాను. కాగితం జాలీకి అతుక్కుంది.

"ఎవరు చెయ్యి పెట్టమన్నారే?" వెనక అన్నయ్య, తల తుడుచుకుంటూ.

"నువ్వే నేర్పావుగా."

"పెద్ద మెకానిక్కువయ్యావులే."

"వదిన రేపటిదాకానే చూస్తానంది అన్నయ్యా."

తువ్వాలు చేతిలోనే ఆగిపోయింది. "దారిలో బండి ఆగిపోతే బండిదే తప్పు. వెళ్ళాక తను రానంటే?"

జీపు తాళంచెవి తీసి అన్నయ్య ముందు పట్టుకున్నాను.

అన్నయ్య లోపలికి వెళ్ళాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి, నా చేతివైపు చూడకుండా జీపు పక్కనుంచే నడిచి, గేటు తీసుకుని షెడ్డువైపు వెళ్ళిపోయాడు.