ఆరు బీడీల నీళ్లు

శ్రావణ మాసంలో బీదర్ దవాఖానలో నా ఎడమకాలి చిటికెన వేలు తీసేశారు. అప్పటికే అది నల్లబడి, నాది కానట్టు ఉంది.

డాక్టరమ్మ పేరు అర్చిత. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చింది. కన్నడం మాట్లాడే డాక్టరైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఈమె తెలుగులో అడిగింది.

"రోజుకు ఎన్ని బీడీలు తాగుతారు పెద్దాయనా?"

"పది" అన్నాను.

"కట్టన్నర" అంది నా భార్య అంజమ్మ పక్కనుంచి.

డాక్టరమ్మ అంజమ్మ చెప్పిందే రాసుకుంది. "రక్తం కాలిదాకా పోవడం లేదు. ఇప్పుడు వేలు పోయింది. ఇంకొక్క బీడీ ముట్టించినా పాదం పోతుంది" అంది. తాగాలనిపిస్తే ఏం చేయాలని అంజమ్మే అడిగింది. ఆ ఆశ ఐదు నిమిషాలే ఉంటుందని, ఓర్చుకుంటే పోతుందని డాక్టరమ్మ చెప్పింది.

ఐదు నిమిషాలంటే ఎంతో నాకు సరిగ్గా తెలియదు. అర బీడీ ఉంటుందనుకున్నాను.

ఇంటికి వచ్చాక మానేశాను. లవంగాలు నమిలితే నోరు మండింది. సోంపు నమిలాను, ఆకలి వేసింది. వేపపుల్ల నోట్లో పెట్టుకుని తిరిగితే ఎదురైన ప్రతివాడూ ఇంకా మొహం కడుక్కోలేదా అని అడిగాడు. చాయ్ తాగిన ప్రతిసారీ చెయ్యి అంగీ జేబులోకి పోయేది. అంజమ్మ జేబు మూతి కుట్టేసింది. చెయ్యి ఆ కుట్టు మీదే తడుముకునేది. ఇట్లా రెండు నెలలు గడిచాయి. ఆశ ఐదు నిమిషాలకు పోయేది, నిజమే. కానీ మళ్లీ వచ్చేది.

దసరా దాటి వానలు ఆగాక అసలు చిక్కు మొదలైంది.

మా ఊరు చిమ్కోడ్‌లో మాకు రెండెకరాలుంది. అందులో అల్లం వేశాం. హైదరాబాద్‌లో అప్పట్లో వారానికొక హోటల్ లేస్తుండేది కాబట్టి అల్లం ఎంత పండినా అటే పోయేది. మా బావి పక్క పొలం తుకారాంకూ మాకూ ఉమ్మడి. నా తండ్రీ అతని తండ్రీ కలిసి తవ్వించారు. అప్పుడు ఇద్దరి ఇళ్లలోనూ గడియారం లేదు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒకడు నీళ్లు పారించుకుంటుంటే రెండోవాడు బావి ఒడ్డున బండ మీద కూర్చుని బీడీలు తాగాలి. కూర్చున్నవాడు ఆరు బీడీలు తాగడం అయిపోతే నీళ్లు అతని పొలానికి మలపాలి. మోట పోయి మోటరు వచ్చినా ఆ లెక్క మారలేదు. మాకు కరెంటు పొద్దున ఏడింటికి వచ్చి తొమ్మిదింటికి పోతుంది. తుకారాం పొలం బావికి దగ్గర కాబట్టి మొదటి వంతు అతనిది. రెండోది నాది.

మొదటి రోజు పోయి బండ మీద కూర్చున్నాను. తుకారాం మడులు తడుపుతున్నాడు. ఊరికే కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చి అడిగాడు.

"అన్నా, ఎన్ని అయినయి?"

"ఒక్కటి గూడ కాలె."

"గట్లనా" అని మళ్లీ పొలంలోకి పోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు. "ఇప్పుడు?"

"బంద్ వెట్టిన్రా."

"అవ్ గదా!" అని తల గోక్కున్నాడు. "మరి నీ వంతు ఎట్ల వస్తది?"

నాకూ తెలియలేదు. ఇద్దరం ఆలోచిస్తుండగానే కరెంటు పోయింది.

తుకారాం చెడ్డవాడు కాదు. తండ్రి చెప్పిన మాట దాటడు, అంతే. రెండో రోజూ, మూడో రోజూ ఇదే జరిగింది. అతని పొలం బురద అయింది. నా అల్లం ఆకుల కొసలు పసుపు రంగుకు తిరిగాయి. గడ్డ ఊరే కాలం అది. అప్పుడు పదిరోజులు నీళ్లు తప్పితే ఏడాది పంట పోయినట్టే.

"నీళ్లు మలుపుమని వానికి చెప్పరాదా?" అంది అంజమ్మ. "నోట్ల బీడీ లేకుంటె మాట గూడ రాదా నీకు?"

నాకు బీడీ ఉన్నప్పుడూ మాట రాలేదు. కానీ ఆ సంగతి చెప్పలేదు.

దీపావళికి మా అక్క కొడుకు అఖిలేష్ వచ్చాడు. మాదాపూర్‌లో కొత్త బిల్డింగులకు లిఫ్టులు బిగించే పని అతనిది. సంగతంతా విని నవ్వాడు.

"మామా, ఆడ గంట గంటకు జాగల ధర వెరుగుతాంది. మీరు ఈడ బీడీలు లెక్కవెట్టుకుంట కూసున్నరా?"

చేతికున్న గడియారం విప్పి నాకిచ్చి, నాతో బావి దగ్గరికి వచ్చాడు. తుకారాం గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగుంది. సరే, ఆరు బీడీలంటె ఎన్ని నిమిషాలు?"

"ఒక్కటి ఐదు అనుకో. ముప్పై" అన్నాడు అఖిలేష్.

"అది నీ సిగిరెట్ రా అల్లుడా. మీ మామ బీడీ అట్ల గాదు. ముట్టిస్తడు, జర సేపు గుంజుతడు, చేతుల వట్టుకొని ఆకాశం దిక్కు సూస్తడు, అది ఆరిపోతది, మల్ల ముట్టిస్తడు. ముప్పై అంటె నేనొప్పుకోను."

అతని మాట నిజమే. నేను నెమ్మదిగా తాగేవాణ్ణి.

చివరికి అంజమ్మతో సహా అందరం దుర్గప్ప దగ్గరికి పోయాం. ఊళ్లో అందరికంటే పెద్దవాడు. గట్టు తగాదాలూ బావి తగాదాలూ ఆయనే తెంచుతాడు. ఇద్దరి మాటా విని, నన్ను చూపిస్తూ అన్నాడు.

"దీంట్ల ఏమున్నది? భూమన్నను ఆరు తాగమను. గడియారం నేను సూస్త."

"తాగితే కాలు తీస్తరు" అంది అంజమ్మ.

"ఆరిట్లకా?"

"ఒక్కదానికే."

దుర్గప్ప గడియారం అందుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఆయన వింటున్నంతలో ఒక మూల నాకు ఆశ లేచింది. ఊరి పెద్ద తాగమంటే తాగక తప్పదు కదా, అప్పుడు తప్పు నాది కాదు కదా అనుకున్నాను. ఆ మాట అంజమ్మకు ఇప్పటికీ తెలియదు.

"ముట్టియ్యకుండ తాగుమను" అన్నాడు దుర్గప్ప.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "నలభై ఏండ్ల సంది తాగినోడు. నాగలి వట్టినోడు కండ్లు మూసుకున్నా సాలు తప్పడు. వీని నోటికి ఎరుక లేదా, ఎంతసేపో?"

మర్నాడు ఏడింటికి మోటరు వేశారు. నేను బండ మీద కూర్చున్నాను. దుర్గప్ప గడియారం మోకాలి మీద పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. పదిమంది దాకా జనం వచ్చారు. అంజమ్మ నా వెనక నిలబడింది. తుకారాం కొత్త కట్ట విప్పి ఆరు బీడీలు నా ముందు పెట్టాడు.

మొదటిది తీసి రెండు వేళ్ల మధ్య నలిపి, నోట్లో పెట్టుకున్నాను. నిప్పు లేదు కానీ ఆకు వాసన ఉంది, పొగాకు రుచి ఉంది. గుంజాను. ఆపాను. వదిలాను. ఆకాశం వైపు చూశాను. చూసినంత సేపు చూశాక, ఇది ఆరిపోయి ఉంటుందని తోచింది. మళ్లీ ముట్టించుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ గుంజాను. కొంతసేపటికి వేళ్లు చురుక్కుమన్నాయి. బీడీ పారేశాను.

"పదకొండు" అన్నాడు దుర్గప్ప.

"కాలిందా తాతా?" అని జనంలో ఎవరో అడిగారు.

"కాలింది" అన్నాను. నవ్వారు. కానీ నిజంగానే కాలింది.

రెండోది పన్నెండు. మూడోదానికి జనం విసుగుపుట్టి వెళ్లిపోయారు. ఎదుటివాడు ఉత్త బీడీ తాగుతుంటే ఎంతసేపు చూస్తారు? పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానని అంజమ్మ కూడా ఇంటికి పోయింది. దుర్గప్ప కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

నాలుగోది నోట్లో పెట్టుకునేసరికి నా ఒళ్లు నా మాట వినడం మానేసింది. మూడు బీడీల పొగ రావాల్సి ఉంది, రాలేదు. నోట్లో నీళ్లూరుతున్నాయి, గొంతు ఎండుతోంది. రెండూ ఒకేసారి ఎట్లా జరుగుతాయో నాకు తెలియదు, జరిగాయి.

అప్పుడే తుకారాం నీళ్ల మడవ తిప్పి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తనూ ఒక బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు.

మా దగ్గర ఒక మర్యాద ఉంది. పుల్ల గీసినవాడు ముందు పక్కవాడికి పట్టాలి, తర్వాతే తన బీడీ ముట్టించుకోవాలి. పట్టిన నిప్పును కాదంటే పగ ఉన్నట్టే. తుకారాం పొలం వైపు చూస్తూనే పుల్లను నా ముందుకు చాచాడు. నలభై ఏళ్ల నుంచీ అట్లాగే చాస్తున్నాడు.

నా నోరు ముందుకు పోయింది. నేను పోనివ్వలేదు, అదే పోయింది. మంటకూ బీడీకీ మధ్య జొన్నగింజంత దూరం ఉంది. నాకు కాలు గుర్తు రాలేదు. డాక్టరమ్మా గుర్తు రాలేదు. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది, కానీ నోట్లో బీడీ ఉంది. బీడీని చేత్తో లాగి పిడికిట్లో పెట్టి నలిపేశాను.

పుల్ల కాలుతూనే ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. చివరిదాకా కాలి తుకారాం వేళ్లకు తగిలింది.

"అయ్యో!" అని విదిలించి, అప్పుడు నావైపు తిరిగాడు. నా పిడికిలి చూశాడు. అతని మొహం మాడిపోయింది. "అన్నా, నేను కావాల్నని జెయ్యలె. చెయ్యి దానంతట అదే వోయింది."

"నా మూతి గూడ" అన్నాను.

దుర్గప్ప తలెత్తాడు. "నాలుగోది అయిందా?"

"కాలె. నలిగింది."

"నలిగింది లెక్కల రాదు. ఇంకోటి అందుకో."

తుకారాం తన నోట్లోని బీడీ తీసి కట్టలో పెట్టాడు. లేచి బావికి అవతలి ఒడ్డున కూర్చున్నాడు. నేను మిగిలిన మూడూ పూర్తి చేశాను. ఒక నిమిషం అటూ ఇటూ అయి ఉండవచ్చు. మొత్తం డెబ్బై ఆరు నిమిషాలు.

"అయితే తుకారాం వంతు డెబ్బై ఆరు" అన్నాడు దుర్గప్ప. "రేపు తుకారాం తాగుతడు. భూమన్న వంతు ఎంతో అప్పుడు దేలుతది."

మర్నాడు తుకారాం ఆరూ ముట్టించే తాగాడు. అతనికి దగ్గు. నాలుగు దమ్ములు గుంజి పారేస్తాడు. నలభై ఒక్క నిమిషాల్లో ఆరూ అయిపోయాయి.

అంటే నా వంతు నీళ్లు అంతసేపే. నా వంతు వచ్చాక కరెంటు తొందరగా పోతుందని నేను ఇన్నేళ్లూ కరెంటోళ్లను తిట్టాను. వాళ్ల తప్పేమీ లేదు.

అంజమ్మ వేళ్ల మీద ఏదో లెక్క వేసింది. తర్వాత వేయడం మానేసింది.

"బీడీలే తాగినవనుకున్న" అంది. "నీళ్లు గూడ తాగినవ్."

తుకారాం తలవంచుకున్నాడు. "నేనేమన్న మెల్లగ తాగుమన్ననా వదినె? నాకేమెరుక?"

"నిన్నేమంటలేను మరిదీ. ఈనెను అంటున్న."

దుర్గప్ప ఇద్దరికీ చెరో గంట అని తెంచాడు. తుకారాం ఒప్పుకున్నాడు. గడియారం బావి దగ్గర మోటరు పెట్టెలో వేలాడదీశాం.

నా అల్లానికి గంట నీళ్లు వచ్చాయి. నాలుగో రోజుకు ఆకులు లేచాయి. అది బాగుంది. కానీ తుకారాం వంతులో నేను గంటసేపు ఊరికే కూర్చోవాలి. పాత కాలంలో ఆ వంతుకు ఆరు బీడీలు. ఇప్పుడు ఆ గంటలో ఆరుసార్లు ఆశ వస్తుంది. ఐదుసార్లు రాదు, ఏడుసార్లు రాదు. మొదటిది ఓర్చుకున్నాను. రెండోది ఓర్చుకున్నాను. మూడోది వచ్చినప్పుడు బండ మీద నుంచి లేచి, పార అందుకుని, తుకారాం పొలంలోకి దిగాను. అతను అటు గట్టు సర్దుతుంటే నేను ఇటు మడవలు తిప్పాను. పార పట్టుకున్న చెయ్యి జేబు దాకా పోలేదు.

మరుసటి రోజు మొదటి ఆశకే లేచాను. ఇప్పుడు మోటరు వేయగానే దిగుతున్నాను.

అంజమ్మ చాయ్ తెచ్చి గట్టు మీద నిలబడి చూసింది. "ఇన్నొద్దులు వానికి నీళ్లిచ్చినవ్. ఇగ కూలి గూడ జేస్తున్నవా?"

నేను చాయ్ తీసుకున్నాను. తాగేశాక వచ్చే ఆశ అన్నిటికంటే పెద్దది. గ్లాసు ఇచ్చేసి వెంటనే పార పట్టుకున్నాను.

"అన్నా" అని అరిచాడు తుకారాం అవతలి గట్టు నుంచి. "ఆ మూలకు నీళ్లెక్కుతలెవ్వు. జర సూడు."

మూలకు పోయి మట్టి తీశాను. నీళ్లు ఎక్కాయి. గంటలో ఇంకా నలభై నిమిషాలున్నాయి.